చోటు చాలక కోసిన వాక్యం

వరంగల్ కొత్తవాడలో ఒక జంపఖానాల షోరూం ప్రారంభోత్సవం జరిగింది. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, వచ్చినవాళ్లందరికీ లడ్డూ, మిక్చరు పొట్లం పంచారు. సరిగ్గా పావుగంట తర్వాత, ముప్పై ఏళ్లుగా మాటల్లేని ఇద్దరు అన్నదమ్ముల తగువును మైకులో, భావయుక్తంగా, వాడకట్టు మొత్తానికీ చదివి వినిపించారు. ఆ ఏర్పాటు చేసిన ఘనుణ్ని నేనే. ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తోంది కానీ, ఆ రోజు మాత్రం అక్కడున్న జంపఖానాల్లో ఏదో ఒకదాంట్లో నన్ను చుట్టి అటకెక్కించేస్తే బాగుండుననిపించింది.

ఇంత పని ఎలా చేయగలిగానో చెప్పాలంటే ముందు నా చదువూ సంధ్యా చెప్పాలి. నేను తొమ్మిదేళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్‌ఎడిటర్‌గా పనిచేశాను. అంటే ఊళ్ల నుంచి విలేకరులు పంపిన వార్తలను దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో ఇరికించే పని. సునీతక్క అదే పత్రికలో విలేకరి. జిల్లా పేజీలు తగ్గుతూ తగ్గుతూ చివరికి మా కుర్చీల దాకా వచ్చాక ఇద్దరం బయటపడ్డాం. హన్మకొండలో ఒక జిరాక్స్ సెంటర్ మీది అంతస్తులో గది తీసుకుని, ‘కంటెంట్ అండ్ ఎడిటోరియల్ స్ట్రాటజీ కన్సల్టెన్సీ’ అని బోర్డు పెట్టాం. బోర్డు చాలా బాగుండేది. దాని అర్థం ఏమిటన్నదే ఎవరికీ తెలియదు.

మొదటి వారంలో ఒకాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

“ఆధార్‌ల అడ్రసు మారుస్తరా?”

“లేదన్నా, అది మా పని కాదు.”

“మరి ఏం జేస్తరు?”

“దుకాణాలకు, సంస్థలకు... వాళ్ల గురించి జనానికి ఏం చెప్పాలె, ఎట్ల చెప్పాలె, ఎక్కడ చెప్పాలె అని సలహా ఇస్తం.”

ఆయన కాసేపు నన్నూ, కాసేపు గోడ మీది క్యాలెండరునూ చూశాడు. “అంటే ఫ్లెక్సీలు గూడ కొట్టరన్నట్టు,” అని దిగి వెళ్లిపోయాడు.

రెండు నెలలు ఇలాగే గడిచాయి. ఒకనాడు సునీతక్క టీ గ్లాసు కింద పెట్టి చెప్పింది. “రాజేందర్, హైదరాబాద్ల ఒక నౌకరి ఉన్నదని పిలుస్తాండ్రు. ఇంకో నెల సూద్దాం. ఒక్క పనన్న దొరికి, మంచిగ జరిగితే నేను పోను. లేకుంటే ఈ బోర్డు నువ్వే దించుకో.”

అక్క మాట అంటే మాటే. ఆమె లేకుండా నేనొక్కణ్నే కన్సల్టెన్సీ నడపడమంటే వంటవాడు లేకుండా హోటల్ తెరవడమే. ఆ నెలలోనే, దేవుడి దయ అనండి, అక్క పాత పరిచయం అనండి, మాకు మొదటి పని వచ్చింది.

పని తెచ్చిన అమ్మాయి పేరు శ్రావణి. కొత్తవాడలో జంపఖానాలు నేసే సాంబయ్య తాత కోడలు. ఇంటి ముందరి గదిని షోరూంగా మారుస్తున్నారు. కొన్నవాళ్లకు జంపఖానాతో పాటు ఇవ్వడానికి ఎనిమిది పేజీల చిన్న పుస్తకం కావాలి, అదే సంగతులు వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. సాంబయ్య తాతకు డెబ్బై నాలుగేళ్లు. అక్క విలేకరిగా ఉన్నప్పుడు నేతన్నల కష్టాల మీద రాసిన వార్తలు ఆయన దాచుకున్నాడట. “సునీత రాస్తే నాకు సూసే పని లేదు,” అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని మీద నేను మట్టి పోయబోతున్నాను.

అక్క పుస్తకమంతా రాసేసింది. ప్రారంభోత్సవం ఇంకా పది రోజులుందనగా తొర్రూరులో వాళ్లమ్మ బాత్రూంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అక్క అప్పటికప్పుడు బయల్దేరింది. బస్టాండులో కిటికీ సీటు దొరికాక, తల బయటికి పెట్టి నాకు ఒకే ఒక్క ఆజ్ఞ ఇచ్చింది.

“రాసింది రాసినట్టు ప్రింటుకు పంపు. ఏం గెల్కకు.”

“ఫికర్ చెయ్యకక్కా.”

సబ్‌ఎడిటర్‌తో గెల్కవద్దని చెప్పడం చాలా తప్పు. మా జీవనాధారమే అది. మర్నాడు పొద్దున్నే, ఒక కామా మార్చుదామన్నంత పవిత్రమైన ఉద్దేశంతో ఆ ఫైలు తెరిచాను. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర నా చూపు ఆగింది. ‘ప్రసిద్ధమైన మెట్లబావి డిజైన్‌కు సృష్టికర్త సాంబయ్య గారే.’

మెట్లబావి డిజైన్ మీలో కొందరు చూసే ఉంటారు. మెట్లు మెట్లుగా లోపలికి దిగుతున్నట్టు, మధ్యలో నీళ్లున్నట్టు, నేల మీద పరిస్తే కాలు పెట్టడానికి ఒక క్షణం భయం వేసే జంపఖానా అది. చాలా అందంగా ఉంటుంది. కానీ తొమ్మిదేళ్ల డెస్కు బుర్ర అందాన్ని చూడదు. ‘సృష్టికర్త ఆయనే అనడానికి ఆధారమేది?’ అని అడిగింది. నేను నోట్‌బుక్కు తీసుకుని కొత్తవాడకు బయల్దేరాను.

నేను వెళ్లేసరికి సాంబయ్య తాత మగ్గం దగ్గర కూర్చుని దెబ్బలు కొడుతున్నాడు. టక్, టక్ మని నాలుగు కొట్టి, కాసేపాగి, మళ్లీ నాలుగు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ మగ్గానికి పోగు లేదు. ఉత్త మగ్గం. పాపం, పెద్ద వయసు కదా, మతిమరుపు అయివుంటుందనుకున్నాను.

“తాతా, ఈ డిజైన్ మీరే కనిపెట్టిన్రా?”

“మరెవలు? చిన్నతనంల మెట్లబావికి తానానికి పోయేటోళ్లం. ఆ మెట్లను సూసింది నేను. ఇగో, గీ గోడ మీద బొగ్గుతోని గీసింది నేను...”

అంటూ అంటూ హఠాత్తుగా ఆగి, చెయ్యెత్తి నన్నూ ఆపి, ఆ గోడ వైపు తల వంచాడు. గోడకవతల నుంచి కూడా మగ్గం చప్పుడు వస్తోంది. కాసేపు విని, తృప్తిగా తలూపి, “ఆఁ, ఎక్కడిదాంక చెప్పిన?” అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ మూడు నాలుగుసార్లు ఇలాగే ఆగాడు.

“గోడకవతల ఎవరుంటరు తాతా?”

“ఎవ్వలుండరు.”

టక్, టక్ మని స్పష్టంగా వినిపించింది.

“మరి ఆ చప్పుడు?”

“ఎలుకలు.”

నన్ను గేటు దాకా సాగనంపుతూ శ్రావణి అసలు సంగతి చెప్పింది. “ఎలుకలు కాదన్నా, మా చిన్న మామ. కొమురయ్య మామ. పెద్ద మామ గీస్తే ఆ డిజైన్ మొట్టమొదలు నేసింది ఆయనేనట. ఎగ్జిబిషన్ల షీల్డు పెద్ద మామ ఒక్కని పేరు మీదనే ఇచ్చిన్రట. గప్పటి సంది మాటల్లేవు. ఇంటి నడుమ గోడ పెట్టుకున్నరు. ముప్పై ఏండ్లైంది. అందరికి ఎరుకే, ఎవ్వలు ఆ ముచ్చట తియ్యరు.”

ఎవరూ తియ్యని ముచ్చట! శ్రావణి ఇంటి బాధ చెప్పుకుంటే నాకు వార్త దొరికినంత సంబరమైంది. డిజైన్ మీద వివాదం ఉంది. వివాదం ఉన్న చోట ఒక పక్షం మాటే వేస్తే అది ఏకపక్ష కథనం. అవతలి పక్షం వివరణ లేకుండా ఏ వార్తా అచ్చుకు పోకూడదని నా మొదటి గురువు బల్ల గుద్ది నేర్పాడు. ఆయన నేర్పింది వార్తల గురించి. నా చేతిలో ఉన్నది దుకాణం వాళ్లు తమ గురించి తాము వేసుకుంటున్న పుస్తకం. ఈ చిన్న తేడా నాకు తట్టలేదు.

మర్నాడు గోడకవతలి ఇంటి తలుపు కొట్టాను.

“ఎవలు?”

“తాతా, మెట్లబావి డిజైన్ విషయంల మీ వివరణ తీసుకుందామని వచ్చిన.”

కొమురయ్య తాత నన్ను ఎగాదిగా చూశాడు. లోపలికెళ్లి కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలతో రెండుసార్లు తుడిచి వేశాడు. “ముప్పై ఏండ్ల సంది ఒక్కడన్న అడుగుతడేమోనని సూస్తాన. కూసో బిడ్డా,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “అన్న అడగమన్నడా?” అన్నాడు.

“ఇది మా పద్ధతి తాతా,” అన్నాను గంభీరంగా. ఆయన మెల్లగా తలూపాడు. ఏమని అర్థం చేసుకున్నాడో నేను పట్టించుకోలేదు.

సర్వపిండి వచ్చింది, టీ వచ్చింది, మళ్లీ టీ వచ్చింది. వివరణ మాత్రం వాళ్ల నాయిన పెళ్లి దగ్గర మొదలై, నాయిన పోయినప్పుడు అన్న తనను భుజాల మీద ఎక్కించుకుని తిరిగిన దగ్గర గంటసేపు నిలబడి, షీల్డు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నేను పేజీల మీద పేజీలు రాసుకున్నాను. “గీసుడు ఎవలన్న గీస్తరు. నేసింది నేను. షీల్డు మీద నా పేరు లేకపాయె,” అన్నప్పుడు మాత్రం ‘దొరికింది’ అనుకుని దాని కింద రెండు గీతలు కొట్టుకున్నాను.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆయన గడప దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇగో, ఆఖరి ముచ్చట. ఇది తప్పకుంట రాయి.”

“చెప్పున్రి తాతా.”

ఆయన చెప్పాడు. నేను నిలబడే రాసుకున్నాను. “తప్పకుంట వేస్తం,” అన్నాను. నా మనసంతా అప్పటికే పెట్టబోయే శీర్షిక మీద ఉంది.

ఇక గదికి వచ్చి, చేయి తిరిగిన పనిమంతుడిలా కూర్చున్నాను. ఎనిమిదో పేజీలో చుట్టూ గీత గీసి ఒక బాక్స్ కట్టాను. ‘మెట్లబావి ఎవరిది?’ అని పెద్ద ప్రశ్నార్థకంతో శీర్షిక పెట్టాను. కింద, ‘ఈ విషయమై సాంబయ్య సోదరుడు కొమురయ్యను వివరణ కోరగా...’ అని మొదలుపెట్టి, ‘...అని ఆయన ఆరోపించారు’ దాకా లాగి, గడప దగ్గరి ఆఖరి ముచ్చటను చివర తగిలించాను. బాక్సులో పన్నెండు లైన్లు పడతాయి. మ్యాటర్ పద్నాలుగు వచ్చింది.

డెస్కులో దీనికి మందు ఒకటే. వార్తలో ముఖ్యమైనది ముందు రాస్తారు, ముఖ్యం కానిది చివరికి తోస్తారు. చోటు చాలకపోతే తోక కోస్తారు. తొమ్మిదేళ్లలో ఎన్ని వేల తోకలు కోశానో లెక్కలేదు, కోసేటప్పుడు చదవాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. ఆ రెండు లైన్లూ అలాగే కోసేశాను. బాక్స్ అతికినట్టు సరిపోయింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

సాయంత్రం శ్రావణి ఫోన్ చేసింది.

“అన్నా, ప్రింటుకు పోకముందు ఒక్కసారి సూపెడ్తరా?”

“అచ్చు కాకముందు సూపెట్టుడు మా వృత్తిల లేదు చెల్లే.”

“గిది పేపరు కాదు గదన్నా, మా పుస్తకమే గదా?”

“పద్ధతి పద్ధతే.”

పాపం ఆ పిల్ల, చదువుకున్నవాళ్ల వ్యవహారం ఇలాగే ఉంటుంది కాబోలుననుకుని ఊరుకుంది. అదే రోజు తొర్రూరు నుంచి అక్క కూడా ఫోన్ చేసింది. “ఏం గెల్కలేదు గదా?” అని ఆమె మొదటి ప్రశ్న.

“లేదక్కా. జర బ్యాలెన్స్ చేసిన, గంతే.”

“ఏం జేసినవ్?” అని అక్క అరిచేలోపు దవాఖానలో వాళ్లమ్మను ఎక్స్‌రేకు పిలిచారు. “మల్ల చేస్త,” అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేసేసరికి పుస్తకాలు కట్టలు కట్టలుగా కొత్తవాడకు చేరిపోయాయి.

ప్రారంభోత్సవం రోజు షామియానా వేశారు. గోడల నిండా జంపఖానాలు వేలాడదీశారు. సాంబయ్య తాత కొత్త ధోతి కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మైకు దగ్గర ఆ వాడలోనే ఉండే రిటైర్డ్ తెలుగు సారు ఉన్నాడు. చేతిలో అచ్చు కాగితం పడితే చాలు, మందుల చీటీనైనా పద్యంలా చదివే మనిషి. పుస్తకాలు పంచగానే సాంబయ్య తాత, “అద్దాలు లోపల మర్చిపోయిన సారూ. జర అందరు ఇనేటట్టు సదువున్రి,” అన్నాడు.

సారు మొదలుపెట్టాడు. అక్క రాసిన ఏడు పేజీలకూ జనం చప్పట్లు కొట్టారు. మధ్యమధ్యలో ఎవరో, “మంచిగ రాసిన్రు,” అంటుంటే, నేను ఒక స్తంభానికి ఆనుకుని వినయంగా నేల చూపులు చూస్తున్నాను. ఎనిమిదో పేజీ వచ్చింది.

“మెట్లబావి... ఎవరిది?” అని సారు రాగం తీసి, సస్పెన్స్ కోసం ఒక క్షణం ఆగాడు కూడా. మూడో వాక్యానికి ఆయన ముఖం పాలిపోయింది. కానీ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి పాఠాన్ని మధ్యలో వదలలేడు. గొంతు తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ చివరి దాకా చదివాడు. “...అని ఆయన ఆరోపించారు” అన్న ముక్క మాత్రం మైకులోంచి వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది.

నా పక్కనున్నాయన లడ్డూ నోటి దాకా తీసుకెళ్లి అక్కడే ఆపేశాడు.

“సారూ, మల్లొక్కసారి సదువు,” అన్నాడు సాంబయ్య తాత.

“ఎందుకులే సాంబన్నా...”

“సదువు.”

సారు మళ్లీ చదివాడు. ఈసారి రాగం లేదు.

“ఎవలు రాసిన్రిది?”

ఎవరూ వేలెత్తి చూపలేదు కానీ, అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను స్తంభం వదిలి ముందుకొచ్చాను. “నేనే తాతా.”

“నా షోరూం ఓపెనింగుకు, నా పుస్తకంల, నా మీదనే కేసు పెట్టినవా బిడ్డా?”

“కేసు కాదు తాతా, వివరణ.”

“నేనడిగిన్నా వివరణ?”

“అంటే... ఏకపక్షంగ ఉండొద్దని...”

“నా దుకాణం నా పక్షం గాకుంట ఎవల పక్షముంటది?”

శ్రావణి కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా ఆ సమయానికే ఆటో ఆగింది. తొర్రూరు బస్సు దిగి నేరుగా వచ్చిన సునీతక్క, భుజాన బ్యాగు తీయకుండానే ఒక పుస్తకం అందుకుని, అందరూ తెరిచి ఉంచిన ఎనిమిదో పేజీ చదివింది. చదివి, కళ్లు మూసుకుని తెరిచింది.

“గెల్కకు అన్న గదా.”

“గెల్కలేదక్కా. బాక్స్ కట్టిన.”

అక్క సాంబయ్య తాత ఎదుటికి వెళ్లి, “తప్పు మాదే తాతా. పుస్తకాలన్ని వాపసు తీస్కపోతం,” అంది. ‘మాదే’ అంది, ‘వీనిదే’ అనలేదు. ఆమె సంచిలో హైదరాబాద్ ఉద్యోగం ఉత్తరం ఉందని నాకు తెలుసు. ఇంకెక్కడి బోర్డు, ఇంకెక్కడి కన్సల్టెన్సీ, ఈ సాయంత్రమే నిచ్చెన వెతుక్కోవాలనుకుంటున్నాను. అప్పుడు జనం పక్కకు జరిగారు.

కొమురయ్య తాత వస్తున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల. ముప్పై ఏళ్ల తర్వాత అన్న గుమ్మంలో అడుగు పెడుతున్నాడు. అన్న అడగమన్నందుకే నేను వచ్చానని, అన్నే ఈ పుస్తకంలో తన మాట వేయించాడని ఆయన అనుకున్నాడు. నేను ‘పద్ధతి’ అని గంభీరంగా అన్న రోజే ఆయన ఈ చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడట. ఈ సంగతి తర్వాత తెలిసి నేను రెండు రోజులు ఎవరికీ ముఖం చూపించలేదు.

ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. వేలు పెట్టి బాక్సంతా చదివాడు. పేజీ తిప్పాడు. వెనక అట్ట తెల్లగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పాడు.

“మిగిలింది ఏది?”

“ఏది తాతా?”

“ఆఖరి ముచ్చట. తప్పకుంట రాయి అంటి. తప్పకుంట అంటివి.”

“చోటు చాలలే తాతా. మా దాంట్ల ముఖ్యమైంది ముందు పెడ్తం... చోటు లేకుంటే ఆఖరికి ఉన్నది కోస్తం...”

“ఆఖరికి ఉన్నదే గదర ముచ్చట!” ఆయన ఆ బాక్స్ మీద వేలితో పొడిచాడు. “ముందటిదంత దానికోసమే చెప్పిన. విస్తరేసి కూసోబెట్టినోడు పెరుగు పొయ్యకుంట లేపుతడా?”

సాంబయ్య తాత తమ్ముడి వైపు చూడలేదు. నా వైపు చూశాడు. “ఏమన్నడట? సదువు.”

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. అంత గండంలోనూ నా చెయ్యి జేబులోకి వెళ్లి నోట్‌బుక్కు తీసింది. అక్క రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తెలుగు సారు, తన మీద పడ్డ పాపం ఇంకొకరికి అంటగట్టే అవకాశం వచ్చినందుకు సంతోషంగా మైకు నా నోటి ముందు పెట్టాడు. పేజీలు తిప్పి, గడప దగ్గర నిలబడి రాసుకున్న ఆ వంకర అక్షరాలను మొదటిసారి నిజంగా చదివాను.

“అన్న మగ్గం సప్పుడు ఒక్క పూట ఇనబడకుంటే నాకు ముద్ద దిగదు.”

మైకు కాస్త కీచుమని ఆగిపోయింది. సాంబయ్య తాత ధోతి అంచు సవరించుకున్నాడు. ఆ తర్వాత, “రాసుకో బిడ్డా,” అన్నాడు.

నేను టక్కున పెన్ను తీశాను.

“ఏడాది సంది నాకు మోకాళ్లు వంగుతలేవు. నేసుడు బంద్ చేసిన. అయినా రోజు రెండు పూటల పోయి, పోగు లేని ఉత్త మగ్గం నాలుగు దెబ్బలు కొట్టొస్తాన. ఎవలకోసం కొడ్తాననుకుంటాండో, అడుగు.”

నా పెన్ను ఆగిపోయింది. నేను మతిమరుపు అనుకున్నది అదీ. నాకు నిజంగానే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. చేయి దూరంలో ఉన్న కొమురయ్య తాత వైపు తిరిగి, గొంతు సవరించుకుని, “తాతా, మీ అన్న ఏమంటాండంటే...” అని మొదలుపెట్టాను.

“ఇన్న. నాకేం చెవుడు రాలే. రాసుకో. మొన్న వానలప్పుడు మూడు దినాలు సప్పుడు లేకపాయె. గదేందో అడుగు.”

“జరమొచ్చిందని చెప్పు,” అన్నాడు సాంబయ్య తాత.

“దవాఖానకు పోయిండా?”

“పోయినని చెప్పు.”

“గోలీలు ఏసుకున్నడా, జేబుల పెట్టుకున్నడా?”

“ఏసుకున్ననని చెప్పు. ఆయన దగ్గు ఏమాయెనో అడుగు. రాత్రిపూట గోడ కదులుతాంది.”

ఎవరో రెండు కుర్చీలు దగ్గరికి జరిపారు. మధ్యలో నేను, నా నోట్‌బుక్కు. దాదాపు గంటసేపు అటు చెప్పింది ఇటు, ఇటు చెప్పింది అటు రాసి చదివాను. జనం లడ్డూలు తింటూ మా చుట్టూ కూర్చున్నారు. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో అంత జాగ్రత్తగా, ఒక్క అక్షరం కోయకుండా నేనెప్పుడూ వార్త రాయలేదు. అలా రాస్తూ ఉండగా సాంబయ్య తాత పళ్లెంలోంచి ఒక లడ్డూ తీశాడు. నా మీదుగా ఒక చెయ్యి వచ్చి ఆ లడ్డూ లాక్కుంది.

“షుగర్ పెట్టుకొని లడ్డు తింటవేందే అన్నా?”

“ఒక్కటే గదరా.”

“ఒక్కటి గూడ వద్దు.”

ఈ మూడు మాటలూ నా నోట్‌బుక్కులో లేవు. ఎందుకంటే ఎవరూ రాసుకోమనలేదు.

ఆ తర్వాత అందరికీ భోజనాలు పెట్టారు. నేను చల్లగా జారుకుందామని చూస్తే సాంబయ్య తాత పిలిచి తమ్ముడి పక్కనే కూర్చోబెట్టాడు. పెరుగు తానే స్వయంగా వడ్డిస్తూ, “కోసుడు కాదు, నిండ పోసుకో,” అన్నాడు. శ్రావణి మాత్రం వారం రోజులు నాతో పొడిపొడిగానే మాట్లాడింది. అది ఆమె హక్కు. పుస్తకాలు వాపసు తీసుకోలేదు, ప్రతి పుస్తకం ఎనిమిదో పేజీలో ఆ కోసిన వాక్యాన్ని చీటీ మీద అచ్చువేసి అతికించమన్నారు. బంక పూసుకున్న వేళ్లతో ఒక్కొక్కటీ నేనే అతికించాను. మూడో పేజీలోని వాక్యం కూడా మారింది. ‘అన్న గీసింది, తమ్ముడు నేసింది’ అని ఉంటుందిప్పుడు.

ఆ సాయంత్రం ఇద్దరం ఆటోలో హన్మకొండకు బయల్దేరాం. వరంగల్ చౌరస్తా దాటాక, “తప్పు తప్పే రాజేందర్. వాళ్లు మంచోళ్లు గాబట్టి బతికిపోయినవ్,” అంది. ఆ తర్వాత సంచిలోంచి ఉత్తరం తీసి నాలుగు మడతలు పెట్టి, “ఇగో, ఆ బంక డబ్బా కింద పెట్టనీకి పనికొస్తది,” అని నా చేతిలో పెట్టింది. హైదరాబాద్ మాట మళ్లీ ఎత్తలేదు.

సోమవారం పొద్దున మా మెట్ల మీద మెల్లగా అడుగుల చప్పుడు వినిపించింది. ఆధార్ కోసం వచ్చారేమో అనుకున్నాం. కొమురయ్య తాత.

“నాకు గూడ ఒక పుస్తకం ఎయ్యాలె బిడ్డా,” అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. “కాని అన్న వివరణ లేకుంట మాత్రం అచ్చెయ్యకు.”

మా రెండో పని అదీ. ఆ తర్వాత మాకు పనికి కొరత రాలేదు. బోర్డు ఇంకా అక్కడే ఉంది, దాని అర్థం ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

కాబట్టి ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయడమేమనగా: మాజీ సబ్‌ఎడిటర్ రాజేందర్ అను నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి పుస్తకం వాళ్లకు చూపించకుండా అచ్చుకు పంపను. దుకాణం పుస్తకంలో దుకాణం పక్షానే ఉంటాను. ఎంత పెద్ద మనిషి చెప్పినా, ఎంత చిన్న బాక్సయినా, ఎవరి మాటనూ తోక వైపు నుంచి కోయను.

ఇదంతా రాసి సునీతక్కకు చూపించాను. చదివి, “మంచిగనే ఉన్నది గని జర పెద్దగైంది. ఆఖరి పేరా తీసెయ్,” అంది. తియ్యనన్నాను. ఆ పేరా ఇది.

సాంబయ్య తాతా, కొమురయ్య తాతా, శ్రావణీ, సునీతక్కా, ఆ రోజు మీలో ఏ ఒక్కరు నన్ను గేటు బయటికి నెట్టినా అడిగేవాళ్లు లేరు. మీరు కూర్చోబెట్టి పెరుగన్నం దాకా తినిపించారు. మీ రుణం తీర్చుకోలేను. ముందటిదంతా ఈ మాట చెప్పడం కోసమే రాశాను.